కార్డురాయ్ బొంత: కప్పుకోవడానికా, పరుచుకోవడానికా?

బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్న, గట్లు గట్లుగా నూగు ఉండే కార్డురాయ్ ప్యాంట్లతో బొంత కుట్టుకోవచ్చా అని అడిగేవారికి ముందు ఒక ఎదురు ప్రశ్న వేయాలి. కప్పుకోవడానికా, పరుచుకోవడానికా? గుడ్డ రకం, నడుమ పొర, అడుగు గుడ్డ, కుట్టే పద్ధతి అన్నీ ఈ ఒక్క జవాబును బట్టి మారిపోతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చలి అంటే డిసెంబరు, జనవరి నెలలే. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్లలో మందపాటి కార్డురాయ్ బొంతను కప్పుకునే రోజులు ఏడాదికి రెండు నెలలకు మించవు. అదే నేల మీదో, నులక మంచం మీదో, దివాను మీదో పరిస్తే ఏడాదంతా పని చేస్తుంది. అందుకే నా సలహా మొదటే చెప్పేస్తాను. కార్డురాయ్‌ని ప్రధానంగా పరుచుకునే బొంతకే ఎంచుకోండి. కప్పుకోవడానికే కావాలంటే సన్న గట్ల రకం తీసుకుని, లోపల దూది పెట్టడం పూర్తిగా మానేయండి.

ముందు గుడ్డ సంగతి

కార్డురాయ్ కూడా చాలావరకు మామూలు నూలు గుడ్డే, తేడా అంతా నేతలో ఉంది. పడుగు, పేకలకు తోడు అదనపు పేక దారాన్ని పైన వదులుగా తేలేటట్టు నేస్తారు. తర్వాత ఆ తేలిన దారాలను వరుసగా కోసి బ్రష్‌తో దువ్వుతారు. కోసిన కొసలు లేచి నిలబడి నూగు అవుతాయి. దున్నిన చెలకలో చాళ్లలాగా గట్టూ పల్లమూ కనిపించడం అందువల్లే. అంగుళానికి ఎన్ని గట్లు ఉన్నాయన్నది ఈ గుడ్డకు కొలత. టేపు పెట్టి దుకాణంలోనే లెక్కపెట్టుకోవచ్చు. 3 నుంచి 6 ఉంటే వెడల్పు గట్ల రకం, సోఫాలకు, చలికోట్లకు వాడతారు. 11 దరిదాపుల్లో ఉంటే మామూలు ప్యాంటు గుడ్డ. 16 నుంచి 21 వరకు ఉంటే చొక్కాలకు, పిల్లల గౌన్లకు వాడే సన్న రకం. అంకె పెరిగేకొద్దీ సాధారణంగా గుడ్డ పలుచబడుతుంది.

కట్‌పీసు దుకాణంలో కొనేటప్పుడు దుకాణదారు చెప్పినదాన్ని పక్కన పెట్టి, అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. పాలిస్టర్ కార్డురాయ్ చూడటానికి ఇంకా మెరుస్తుంది, ధర కూడా తక్కువ ఉండవచ్చు. కానీ మన వేడిలో ఒంటికి తగిలే గుడ్డగా దాన్ని నేను ఎవరికీ చెప్పను. రెండో పరీక్ష సాగుడు. ఈ మధ్య వచ్చే ప్యాంట్లలో చాలావాటికి లైక్రా కలుపుతున్నారు. అడ్డంగా లాగితే రబ్బరులా సాగి వెనక్కి వచ్చే గుడ్డ బొంతకు పనికిరాదు. కోసిన చదరాలు ఒక్కొక్కటి ఒక్కో కొలతకు వస్తాయి, అతికాక బొంత మధ్యలో ఉబ్బుతుంది. అది ఎంత మంచి ప్యాంటయినా పక్కన పెట్టండి.

పాత చీరల బొంతతో పోలిస్తే

మన ఇళ్లలో బొంత అంటే పాత నూలు చీరలు, ధోవతులు నాలుగైదు మడతలు పరిచి, చుట్టూ కుట్టుకుంటూ వెళ్లేది. దాని పక్కన కార్డురాయ్‌ని పెట్టి చూసేటప్పుడు బరువు లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న బొంత అంటే సుమారు 2.2 చదరపు మీటర్లు. బాగా ఉతికి మెత్తబడిన నూలు చీర చదరపు మీటరుకు 90 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ప్యాంటుకు వాడే కార్డురాయ్ 300 గ్రాముల దాకా ఉంటుంది. అంటే ఒక్క కార్డురాయ్ పొర మూడు చీర మడతల కంటే కొంచెం ఎక్కువే. నాలుగు మడతల చీరల బొంత 800 గ్రాములు తూగితే, పైన కార్డురాయ్, కింద ఒక నూలు గుడ్డ మాత్రమే ఉన్న బొంత, కుట్టు లోపలికి పోయే గుడ్డతో కలిపి, కిలో దాటుతుంది. రెండు వైపులా కార్డురాయ్ వేస్తే కిలోన్నర పైనే. ఇక నడుమ దూది కూడా పెడితే దాన్ని తడిపి పిండడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నూలు తడిస్తే బరువు రెండింతలు దాటుతుందని మరచిపోకండి.

“అక్కా, దూది లేకుండా అది బొంత ఎలా అవుతుంది?” అని అడుగుతారు. దూది చేసే పని గాలిని పట్టి ఉంచడం. కార్డురాయ్ నూగు ఆ పనే చేస్తుంది. వెచ్చదనం గుడ్డలోనే ఉన్నప్పుడు లోపల మళ్లీ కూరడం అనవసరం.

మెత్తదనంలో మాత్రం పాత చీరకు సాటి లేదు. ఎండాకాలం రాత్రి డాబా మీద పడుకునేవారికి, ముసలివారికి, ఒంటికి చెమట పట్టేవారికి చీరల బొంతే మంచిది. ఇంకొకటి, చీరల బొంతకు అందం తెచ్చేది కుట్టే. దగ్గర దగ్గరగా, వరుస తప్పకుండా పడే చేతి కుట్లు. ఉత్తర కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్ధీ తెగ స్త్రీలు కుట్టే కవంది బొంతలు చూడండి. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు చేరతారు. ఆ కుట్ల వరుసే దానికి ప్రాణం. కార్డురాయ్ మీద అలాంటి కుట్టు వేస్తే నూగులో మునిగిపోయి కనిపించదు. చేతి కుట్టు కోసం బొంత కుట్టేవారైతే ఈ గుడ్డ జోలికి వెళ్లకండి, వేళ్లు నొప్పి తప్ప మిగిలేది ఉండదు.

జీన్స్ గుడ్డతో పోటీ వేరు. అది కూడా బరువైనదే, పాత ప్యాంట్ల రూపంలో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, నూగు రాలదు, కోసిన అంచు కార్డురాయ్ అంతగా చెదరదు. అయితే బిర్రుగా ఉంటుంది. నాలుగు చదరాలు కలిసే మూల దగ్గర మందం పెరిగి సూదులు విరుగుతాయి. కార్డురాయ్ అక్కడ కొంత అణుగుతుంది, చేతికీ మెత్తగా తగులుతుంది. నేల మీద వేసి దాని మీద పప్పు చెరగడం, పిల్లల చేత హోంవర్కు చేయించడం వంటి మోటు పనికైతే జీన్స్. దివాను మీద, మంచం మీద అయితే కార్డురాయ్. ఇక వెల్వెట్ ముక్కలతో బొంత అనే ఆలోచన ఉంటే వదిలేయండి. జారుతుంది, నలుగుతుంది, ఉతికితే రూపు మారుతుంది.

కార్డురాయ్‌కి మన ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, దుమ్ము. పాలమూరు, నల్లగొండ ఎర్ర చెలక నేలల సన్నటి దుమ్ము గట్ల మధ్య పల్లాల్లో చేరి కూర్చుంటుంది. వాకిట్లో వేసే బొంతకు తెలుపు, గోధుమ రంగు, లేత నీలం తీసుకుంటే వారానికే ఎర్రజీర కనిపిస్తుంది. ముదురు గోధుమ, ఇటుక రంగు, ఆవపిండి రంగు, ముదురు ఆకుపచ్చ ఎంచుకుంటే దులిపితే సరిపోతుంది. వెడల్పు గట్ల రకంలో దుమ్ము త్వరగా రాలుతుంది, సన్న గట్లలో కొంచెం మొండి. ఈ ఒక్క విషయంలో వెడల్పు రకానిది పైచేయి.

ముక్కలు చాలకపోతే

నాలుగు, ఆరు అడుగుల బొంతకు ఎనిమిది అంగుళాల చదరాలు వేస్తే, అడ్డంగా 6, నిలువుగా 9, మొత్తం 54 కావాలి. కుట్టుకు చుట్టూ అర అంగుళం వదలాలి కాబట్టి ఒక్కొక్కటి తొమ్మిది అంగుళాలకు కోయాలి. మామూలు నూలు గుడ్డకు పావు అంగుళం వదిలితే చాలు. కార్డురాయ్ అంచు విడిపోతుంది కాబట్టి ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. మోకాళ్ల దగ్గర నూగు ఊడి బట్టతల పడిన భాగం, కూర్చునే చోట అరిగిన భాగం తీసేస్తే, పెద్దవారి ప్యాంటు ఒకదాని నుంచి ఈ కొలతకు ఆరేడు చదరాల కంటే ఆశించకండి. అంటే ఎనిమిది ప్యాంట్లు కావాలి. ఎవరి ఇంట్లో ఉన్నాయి అన్ని?

కాబట్టి దేనితో కలపాలన్న ప్రశ్న వస్తుంది. సమాన బరువున్న గుడ్డతోనే కలపాలన్నది ఇక్కడ సూత్రం. జీన్స్, మందపాటి ఖాదీ, కాన్వాస్, కర్టెన్ల నూలు గుడ్డ బాగా కలుస్తాయి. పలుచటి చీర ముక్కను కార్డురాయ్ పక్కన అతికితే బరువైనది తేలికైనదాన్ని లాగుతుంది, కుట్టు వెంబడి చీర చీరుకుపోతుంది. అమ్మగారి నారాయణపేట నూలు చీర ముక్క పైకి కనబడాల్సిందేనని పట్టుదల ఉంటే, దాని వెనక మరో నూలు గుడ్డ కచ్చా కుట్టుతో జత చేసి, రెండూ కలిసి ఒకే ముక్క అనుకుని కోయండి. అప్పుడు నిలుస్తుంది. గద్వాల చీరైతే ఒంటి భాగం మాత్రమే తీసుకోండి. అంచు, కొంగు పట్టువి. వాటికీ కార్డురాయ్‌కీ ఉతుకు కుదరదు, జరీ నూగులో చిక్కుకుంటుంది కూడా.

చదరాలే వేయాలన్న నియమం కూడా లేదు. చదరాల కంటే పొడవాటి పట్టీలు ఈ గుడ్డకు ఎక్కువ నప్పుతాయని నేనంటాను. దీనికి అమెరికాలో మంచి ఉదాహరణ ఉంది. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె, దాని చుట్టుపక్కల ఊళ్లు. పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసినవారి సంతతి అక్కడి స్త్రీలు. ఆ ప్రాంతంలో 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం ఏర్పడింది. 1972లో సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీకి కార్డురాయ్ దిండు కవర్లు కుట్టే పని ఆ సంఘానికి దొరికింది. కోతలో మిగిలిన పీలికలు ఇళ్లకు చేరి బొంతలయ్యాయి. మందపాటి గుడ్డ కాబట్టి చిన్న చిన్న ముక్కల నగిషీ కుదరదు. అందుకే వెడల్పాటి పట్టీలు, ఒకదాని చుట్టూ ఒకటి పెరిగే పెద్ద చతురస్రాలు వేశారు. గుడ్డ పెట్టిన పరిమితే ఆ బొంతల రూపం అయింది. 2002లో ఆ ఊరి బొంతలు హ్యూస్టన్‌లోను, న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోను ప్రదర్శనకు వెళ్లాయి. 2006లో వాటి మీద అమెరికా తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. మన దగ్గర దర్జీ దుకాణాల బయట గోనెసంచుల్లో పడి ఉండే పీలికలను చూసినప్పుడల్లా నాకు ఈ కథే గుర్తుకు వస్తుంది.

పట్టీల పద్ధతిలో ఇంకో లాభం ఉంది. ఒకే రంగు గుడ్డ ఉన్నా రెండు రంగుల్లా చూపవచ్చు. నూగును ఒక దిక్కుకు నిమిరితే నున్నగా, లేతగా కనిపిస్తుంది. ఎదురు నిమిరితే రంగు చిక్కబడుతుంది. ఒక పట్టీ నిలువుగా, పక్కది అడ్డంగా వేస్తే వెలుతురు ఒక్కోదాని మీద ఒక్కోలా పడుతుంది. తెలిసి చేస్తే అదే డిజైన్. తెలియక కలిపేస్తే మాత్రం రెండు వేర్వేరు తానుల గుడ్డ వేసినట్టు అవకతవకగా ఉంటుంది. అందుకే కోసిన వెంటనే ప్రతి ముక్క వెనక చాక్‌పీసుతో నూగు దిక్కు బాణం గీసుకోవాలి.

అడుగు గుడ్డ, నడుమ పొర

అడుగున పాత చీర వేయాలని అందరికీ ఉంటుంది. పదేళ్లు ఉతికిన చీర ఒంటి పొరగా వేస్తే పైనున్న బరువుకు కుట్ల దగ్గర ముందుగా అదే చిరుగుతుంది. రెండు మడతలు వేయండి. లేదంటే నేత దుప్పటి వాడండి. పోచంపల్లి, కొయ్యలగూడెం వైపు నేసే ఇక్కత్ దుప్పట్లలో పాతబడినది ఏదైనా ఉంటే కార్డురాయ్‌కి అంతకంటే మంచి జోడీ లేదు. నేత గట్టిది, బరువు సరిపోతుంది, తిరగేసి పరిచినా అందంగానే ఉంటుంది. కొత్త గుడ్డ కొంటే ముందు ఉతికి ముడుచుకోనివ్వాలి. కార్డురాయ్ కూడా ముడుచుకుంటుంది. కాబట్టి రెండింటినీ కోయకముందే ఒకసారి నీళ్లలో వేసి తీయాలి. ముదురు రంగు వదులుతుందేమో చూడటానికి తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు అంటితే విడిగా ఇంకా రెండుసార్లు ఉతకాలి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందన్న మాటను నమ్ముకోకండి.

నడుమ పొర విషయం త్వరగా ముగిస్తాను. ఏమీ లేకపోవడం మొదటి ఎంపిక. కింద పరిచేదానికి కొంచెం మందం కావాలంటే పాత దుప్పటి ఒకటి. జిన్నింగ్ మిల్లు దూదిని విడిగా పరిస్తే దగ్గర దగ్గరగా కుట్టకపోతే రెండు ఉతుకులకే ఉండలు కడుతుంది. కార్డురాయ్ మీద దగ్గర కుట్టు కష్టమని ముందే చెప్పుకున్నాం. బూరుగు దూది దిండ్లకే మంచిది. పాలిస్టర్ షీటు తేలిక, ఉతికినా చెదరదు, కానీ ఉక్కపోత.

మిషను దగ్గర

నూగు మీద నూగు పెట్టి కుట్టేటప్పుడు పై గుడ్డ నెమ్మదిగా జరుగుతుంది. మొదట సరిగ్గా కలిసిన అంచులు చివరికొచ్చేసరికి అర అంగుళం తేడా వస్తాయి. మూడు అంగుళాలకొక గుండు సూది, లేదా మొత్తం కచ్చా కుట్టు తప్పదు. గుడ్డను నొక్కి పట్టే ఫుట్ ఒత్తిడి కొంచెం తగ్గించి, కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లకు పెంచి, నూగు వాలిన దిక్కుకే నడపాలి. పై గుడ్డనూ కింది గుడ్డతో సమానంగా జరిపే వాకింగ్ ఫుట్ దొరికితే సగం బాధ తగ్గుతుంది. సన్న రకానికి 14 నంబరు సూది, ప్యాంటు గుడ్డకు 16. పొరలు తక్కువ కాబట్టి కాలితో తొక్కే పాత మిషను కూడా ఈ పని బాగానే చేస్తుంది, వేగం కంటే బలం ముఖ్యం. కుట్టు వెనక వదిలిన అంచు గుడ్డను ఒక పక్కకు మడవకుండా విడదీసి రెండు వైపులా పరచాలి. ఇస్త్రీ ఎప్పుడూ వెనక వైపునే, కింద తువ్వాలు పరిచి చేయాలి. ముందు వైపు పెట్టె ఆనిందా, గట్లు శాశ్వతంగా అణిగిపోతాయి.

కోసేటప్పుడు ఎగిరే నూగు మాత్రం నిజంగా విసిగిస్తుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవారుంటే వరండాలోనో బయటో కోయండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. కోసిన ముక్కల అంచులకు ఊళ్లోనే ఓవర్‌లాక్ వేయించుకుంటే రాలడం చాలా వరకు ఆగుతుంది. ఈ ఖర్చుకు వెనకాడవద్దు. కుట్టు మధ్యలో బాబిన్ కేసు తీసి బ్రష్‌తో శుభ్రం చేసుకుంటూ ఉండాలి.

పొరలను కలపడానికి మూడు దారులు. మొదటిది మిషను మీద నేరుగా కుట్లు, పట్టీల అతుకుల్లోనే నడిపితే కుట్టు కనబడదు, గట్లు అణగవు. రెండోది ముడులు. మందపాటి నూలు దారంతో పై నుంచి కిందికి గుచ్చి, పైకి తీసి, ప్రతి ఆరు అంగుళాలకొక గట్టి ముడి వేయడం. మూడోది చేతి కుట్టు. దాని సంగతి చెప్పాను. నా ఓటు ముడులకు. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది, పాడైతే విప్పి మళ్లీ వేయవచ్చు. కానీ పసిపిల్లల బొంతకు ముడులు వద్దు, లాగి నోట్లో పెట్టుకుంటారు. అసలు ఏడాది నిండని పిల్లలకు ఏ బొంతా కప్పకూడదన్నది వైద్యుల మాట. వారికి కార్డురాయ్ బొంత మెలకువగా ఉన్నప్పుడు ఆడుకోవడానికి నేల మీద పరిచే వరకే.

ఉతికేటప్పుడు తిరగేసి, చల్లటి నీళ్లలో వేయండి. తెల్ల తువ్వాళ్లతో కలపకండి, వాటి పోగులన్నీ దీని గట్లకే అంటుకుంటాయి. బండకేసి బాదడం దీనికి పనికిరాదు, నూగు చస్తుంది. ఆరేసేటప్పుడు కూడా నూగు లోపలికి ఉండాలి, లేకపోతే మే నెల ఎండకు గట్ల కొసలు వెలిసిపోయి పల్లాలు మాత్రం ముదురుగా మిగులుతాయి. వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు పడుతుంది కాబట్టి పెద్ద ఉతుకును దసరా తర్వాతకు పెట్టుకోవడం తెలివి. ఆరాక నూగు వాలిన దిక్కుకు మెత్తటి బట్టల బ్రష్‌తో ఒకసారి దువ్వితే చాలు.

చేతిలో ఒకటో రెండో ప్యాంట్లే ఉంటే బొంత కోసం ఏళ్ల తరబడి దాచకండి. ఒక ప్యాంటుతో రెండు దిండు కవర్లు, రెండింటితో కుర్చీ మీద వేసుకునే చిన్న పరుపు కవరు వస్తాయి. మూడు నాలుగు ఉంటే, వాటికి సమానంగా జీన్స్ కలిపి పట్టీల బొంత మొదలుపెట్టవచ్చు.